‘ఆపరేషన్ అయిందా?’ అని అడిగితే చాలదు

కోనసీమ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని ఉత్తరం రాశారు. చేత్తో రాసి, ఫోటోలు తీసి పంపిన ఆరు పేజీలు. పేరు, ఊరు, యూనివర్సిటీ ఏవీ బయటపెట్టొద్దన్నారు. సంగతి మటుకు క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 31 ఏళ్ళు. నాలుగేళ్ళ పాప ఉంది. పోషకాహార శాస్త్రంలో పీహెచ్‌డీ, ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. గోదావరి పాయల మధ్య ఊళ్ళలో తిరిగి నాలుగు వందల మంది దాకా పెద్దవాళ్ళ దగ్గర రక్తం తీసుకున్నారు, నడుము చుట్టుకొలతలు రాసుకున్నారు, నిన్న పొద్దుట్నుంచి రాత్రిదాకా ఏం తిన్నారో అడిగారు. కొవ్వు ఒంట్లో ఎక్కడ చేరుతుందో నిర్ణయించే జన్యువుల్లో కొన్ని రకాలున్నవాళ్ళకి అన్నం ఎక్కువైతే నడుము మరింత పెరుగుతుందా అన్నది ఆమె ప్రశ్న. శాంపిల్‌లో మూడింట రెండొంతులు ఆడవాళ్ళే. మగవాళ్ళు రాత్రంతా రొయ్యల చెరువుల మీద కాపలా, పగలు నిద్ర. దొరికినవాళ్ళలో ఎక్కువమంది అరుగుల మీది పెద్దవాళ్ళు.

లెక్కలు వేసే వేళకి గైడ్‌తో పేచీ వచ్చింది. ‘అందరినీ కలిపేసి జెండర్‌కి అడ్జస్ట్ చేసెయ్యి, లేదంటే ఆడవాళ్ళని తీసేసి మగవాళ్ళ మీద పేపరు రాద్దాం, నెలసర్లు, ఉపవాసాలు, కాన్పులు, ఆ డేటా అంతా గజిబిజి’ అన్నారాయన. ఈవిడ చెప్పకుండా విడదీసి చూశారు. ఆడవాళ్ళలో ఒక జన్యు రకానికీ అన్నానికీ నడుముకీ లంకె కనపడింది. మగవాళ్ళలో కనపడలేదు. సంబరంగా చూపిస్తే, ‘ఇది సైన్సు డిపార్ట్‌మెంటమ్మా, స్త్రీవాదం పక్క బిల్డింగులో’ అన్నారట. ఫెలోషిప్ ఇంకో ఎనిమిది నెలలు. ఇంట్లో ‘ఇంకా ఎన్నాళ్ళు’ అన్న మాట మొదలైంది.

మధ్యలో ఒక పేజీ వాళ్ళమ్మగారి గురించి. చేపల పులుసు వండితే ముక్కలు నాన్నకీ అన్నలకీ, అమ్మకి గిన్నె అడుగున పులుసు. ఇప్పుడావిడకి ఒంట్లో రక్తం లేదు, నడుము మటుకు పెరిగింది. ఉత్తరం చివర ఇలా ఉంది: ‘మేడమ్, నేను చూసింది నిజంగా ఉన్నదా, ఉండాలని నేను కోరుకున్నదా? గైడ్‌తో పోట్లాడనా, తల వంచుకుని డిగ్రీ తెచ్చుకోనా?’

అమ్మా, ఆ చివరి ప్రశ్నలో మొదటి సగం అడగగలిగారంటే మీరు పరిశోధకులే. రెండో సగానికి తర్వాత వద్దాం. మీకు రుచించని మాట ముందు చెప్పేస్తాను.

మీకు కనపడింది ఇంకా ఫలితం కాదు. ఆడవాళ్ళలో లంకె తేలింది, మగవాళ్ళలో తేలలేదు, కాబట్టి ఇద్దరికీ తేడా ఉందని మీరనుకున్నారు. ఒక చెరువులో పెద్ద వల వేశారు, చేప పడింది. పక్క చెరువులో సగం వల వేశారు, పడలేదు. రెండో చెరువులో చేపే లేదని పందెం కాస్తారా? మీ మగవాళ్ళ సంఖ్య ఆడవాళ్ళలో సగం. వాళ్ళలోనూ అదే లంకె ఉండి, చిన్న వలకు అందకపోయి ఉండొచ్చు. తేడా ఉందా అన్నది తెలియాలంటే రెండు లంకెల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఆ తేడానే నేరుగా పరీక్షించాలి. మీరు ఎం.ఎస్సీ.లో చదువుకున్న ఇంటరాక్షన్ పరీక్ష అదే. దాని ఆకలి ఎక్కువ: మామూలు లంకెను పట్టుకోవడానికి వంద మంది సరిపోయే చోట, అంతే పరిమాణం ఉన్న తేడాను పట్టుకోవడానికి నాలుగు వందల మంది కావాలి. మీది దాని మీద ఇంకో మెట్టు, జన్యువు, తిండి, ఆడామగా మూడూ కలిసిన తేడా.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. జన్యువుల ప్రభావం ఆడామగా మధ్య వేరుగా ఉందన్న ప్రకటనల్ని 2007లో కొందరు ఏరి చూశారు. 77 వ్యాసాలు, 432 ప్రకటనలు. ఆ తేడాను సరైన పద్ధతిలో పరీక్షించి చూపినవి 55. ఉన్నవాటిలో గట్టివిగా కనిపించిన 60ని వేరు చేసి తర్వాతి పరిశోధనల్లో వెతికితే, మరో రెండు చోట్లయినా నిలకడగా మళ్ళీ తేలింది ఒక్కటి. ఒకే ఒక్కటి! మీ గైడ్‌గారికి ఈ అంకె తెలిసి ఉంటే ఆ పక్క బిల్డింగు మాట అనక్కర్లేకుండానే మిమ్మల్ని ఆపగలిగేవారు.

అలాగని ఆయన మాట మొత్తం నెగ్గదు. ఆడవాళ్ళని తీసేద్దామన్నది తప్పు సలహా, పాత సలహా కూడా. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళని మందుల తొలి ప్రయోగాల్లో చేర్చొద్దంది. గర్భిణులు వేసుకుంటే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ మాత్ర భయం అప్పటికి ఆరలేదు, కారణం అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని బిల్లు తర్వాతి తరాలు కట్టాయి. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర 1992 నుంచి అక్కడ అందరికీ ఒకే మోతాదులో అమ్మారు. ఆడవాళ్ళ రక్తంలో పొద్దుటికి కూడా మందు ఎక్కువగా మిగిలిపోతోందని 2013లో వాళ్ళ మోతాదు 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించమన్నారు. మధ్యలో ఇరవయ్యేళ్ళు. ఇక ‘గజిబిజి’ సంగతి. ఆడ ఎలుకల కొలతల్లో హెచ్చుతగ్గులు ఎక్కువన్న నమ్మకంతో ప్రయోగశాలలు ఏళ్ళ తరబడి మగ ఎలుకలతోనే నడిచాయి. 2014లో 293 వ్యాసాల అంకెలు కలిపి చూస్తే, ఆడ ఎలుకలు మగవాటికంటే ఎక్కువ గజిబిజి ఏం కాదని తేలింది. మగ ఎలుకలకీ గజిబిజి ఉంది, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదంతే.

‘అడ్జస్ట్ చేసెయ్యి’ అన్నది వేరు విషయం. అది తప్పు కాదు, చాలదు. అడ్జస్ట్ చేయడమంటే ఆడవాళ్ళ నడుము సగటు వేరు, మగవాళ్ళది వేరు అని ఒప్పుకుని, ఆ పైన అన్నం పెరిగితే నడుము పెరిగే వాలు మటుకు ఇద్దరికీ ఒకటేనని ముందే అనేసుకోవడం. మీరు అడుగుతున్నది ఆ వాలు ఒకటేనా అని. జవాబును ఊహించేసుకుని ప్రశ్నను కొట్టేస్తే ఎలా? పైగా మీ సబ్జెక్టులో ఆ ప్రశ్న గాలిలోంచి ఊడిపడలేదు. నడుముకీ పిరుదులకీ మధ్య నిష్పత్తి మీద ప్రభావం చూపే 14 జన్యు స్థానాల్ని 2010లో ఒక పెద్ద అంతర్జాతీయ బృందం ప్రకటించింది. వాటిలో 7 చోట్ల ఆడామగా తేడా స్పష్టంగా ఉంది, ఏడింటిలోనూ ఆడవాళ్ళలోనే ప్రభావం బలం. గైడ్‌గారి ముందు ఈ కాగితం పెట్టండి. మీ అమ్మగారి పేజీ పెట్టకండి.

ఆ మాట ఎందుకన్నానో చెబుతాను. మీ ఉత్తరంలో రెండు రకాల తేడాలు ఒకే గిన్నెలో కలిసిపోయాయి. ఒకటి శరీరం తెచ్చేది: క్రోమోజోములు, హార్మోన్లు, ముట్లు, కాన్పులు. రెండోది ఇల్లూ ఊరూ తెచ్చేది: ఎవరు ముందు తింటారు, ఎవరు ఉపవాసం ఉంటారు, ఎవరు బజారులో పునుగులు తింటారు, ఎవరు మందు తాగుతారు. మీ ఫారంలో ఈ రెంటికీ కలిపి ఒకటే గడి ఉంది: స్త్రీ, పురుషుడు. ఆ గడిలో టిక్కు పెట్టగానే ఏ తేడా ఏ తేడానో తెలియకుండా పోతుంది.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాలుగా గమనిస్తున్న అధ్యయనంలో ఇలాంటిదే జరిగింది. మంచి కొలెస్ట్రాల్‌కి సంబంధించిన ఒక జన్యువు, నూనెల్లోని బహుళ అసంతృప్త కొవ్వులు, వీటి లంకెను 2002లో ప్రకటించారు. ఒక జన్యు రకం ఉన్న ఆడవాళ్ళలో ఆ కొవ్వులు పెరిగితే మంచి కొలెస్ట్రాల్ పెరిగింది, ఇంకో రకం ఉన్నవాళ్ళలో అదే తిండికి తగ్గింది. మగవాళ్ళలో అది పైకి తేలలేదు. వాళ్ళ సిగరెట్టు, మద్యం కూడా లెక్కలోకి తీసుకున్నాక గానీ కనపడలేదు. సిగరెట్టు వై క్రోమోజోము మీద మొలవదు కదమ్మా. మగవాళ్ళ శరీరం వేరనిపించిన చోట మగవాళ్ళ అలవాట్లు వేరని కూడా ఉంది. మీ శాంపిల్‌లో తాగుడు గురించి ఎలా అడిగారో ఉత్తరంలో రాయలేదు. భార్య పక్కన కూర్చుని ఉండగా అడిగి ఉంటే ఆ కాలమ్ మొత్తం కొట్టేయండి.

ఇక నాకు బాగా నచ్చిన ఉదాహరణ, మీ అసలు గొడవకు దగ్గరిది. కోలీన్ అనే పోషకం ఉంది. గుడ్డు సొనలో, కార్జంలో ఎక్కువ. తిండిలో అది చాలకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది, కండరాలు దెబ్బతింటాయి. అమెరికాలో 57 మందికి కోలీన్ తక్కువ తిండి పెట్టి చూశారు, 2007లో వచ్చింది ఆ వ్యాసం. మగవాళ్ళలో 77 శాతం మందికి ఆ తేడాలు వచ్చాయి. ముట్లుడిగిన ఆడవాళ్ళలో 80 శాతం. ముట్లు వస్తున్న ఆడవాళ్ళలో 44 శాతమే. ఎందుకంటే కోలీన్‌ని కాలేయమే కొంత తయారుచేసుకుంటుంది, తయారుచేసే జన్యువుని ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను మేల్కొలుపుతుంది. అయితే ఆ జన్యువులో ఒక రకం మార్పు ఉన్నవాళ్ళలో ఈస్ట్రోజన్ పిలిచినా అది లేవదు, వయసులో ఉన్నా వాళ్ళకి కోలీన్ లోటు త్వరగానే తగులుతుంది. ఆ అంకెలు మళ్ళీ చూడండి. ముట్లుడిగిన ఆడవాళ్ళు ఆడవాళ్ళ పక్కన లేరు, మగవాళ్ళ పక్కన నిలబడ్డారు. గడిలో ‘స్త్రీ’ అని టిక్కు పెట్టినందుకు ఇక్కడ ఒరిగిందేమిటి? కావలసిన సమాచారం ఆ టిక్కులో లేదు.

మరి మన డెల్టాలో ముట్లుడగడం అంటే ఏమిటి? దేశంలో గర్భసంచి తీసే ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరుస, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు వరసగా చెబుతున్న మాట ఇది. ముప్ఫయ్యైదు నిండకుండానే తీయించుకున్నవాళ్ళు మీకూ మీ వీధిలో కనపడి ఉంటారు. నాట్లలో, కోతల్లో నడుం వంచి పనిచేసే మనిషికి నెలనెలా రక్తస్రావం ఒక పక్క, కూలి పోవడం ఒక పక్క, ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు’ అనే మాట ఒక పక్క. ఆ నిర్ణయం చేసింది ఇల్లూ ఊరూ ఆస్పత్రీ కలిసి. కానీ దాని ఫలం హార్మోన్లలో తేలుతుంది. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఉంచినా ముట్లుడిగే దశ మామూలుకంటే ముందే రావొచ్చు. ఇల్లు తెచ్చిన తేడా శరీరపు తేడాగా మారిపోయే చోటు ఇదమ్మా. మీ థీసిస్‌లో బంగారం ఉంటే ఇక్కడుంది.

అందుకే అడుగుతున్నాను, మీ ప్రశ్నావళిలో దీని గురించి ఏం రాశారు? ‘ఆపరేషన్ అయిందా?’ అని ఉందన్నారు. అయ్యో! నేనూ ఒకప్పుడు అలాగే అడిగాను. పాలకొల్లు అవతల ఊళ్ళలో రెండు నెలలు తిరిగి, నూటికి ఎనభై మంది ‘అయిందండి’ అంటే రాసుకొచ్చాను. మన ఊళ్ళలో ఆడమనిషిని ఆపరేషన్ అయిందా అంటే పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్ అనుకుంటుంది. దానికీ హార్మోన్లకీ సంబంధం లేదు. గర్భసంచి తీయించుకున్నావిడా అవుననే అంటుంది, ట్యూబులు కట్టించుకున్నావిడా అవుననే అంటుంది. నా కాగితాలన్నీ చెత్తబుట్టకే పోయాయి, మా ప్రొఫెసరు నవ్వారు కూడా. మీవి పోనక్కర్లేదు, మనుషులు అక్కడే ఉన్నారు, అడగొచ్చు.

ఇప్పుడు అన్నం సంగతి. మీ ఉత్తరంలో ఒకచోట అనుకోకుండా రాసేసిన వాక్యం నన్ను పట్టుకుంది. కోడలిని ‘నిన్న ఏం తిన్నారు’ అనడిగితే అత్తగారు అందుకుని, ‘దానికేం గుర్తుంటుందండీ, నన్నడగండి, మా ఇంట్లో అందరం ఒకటే తింటామండి’ అన్నారని. ఇంకోచోట మొగుడు తిన్నది పెళ్ళాం చెప్పింది. వండినావిడకి ఎన్ని గరిటెలు నూనె వేసిందో తెలుసు. తిన్నాయనకి తెలియదు, పైగా సెంటర్లో తిన్న బజ్జీలు ఇంట్లో చెప్పడు. అంటే ఆడవాళ్ళ తిండి కొంత సరిగ్గా, మగవాళ్ళ తిండి కొంత గుడ్డిగా మీ పుస్తకంలోకి చేరింది. కొలత గుడ్డిదైన చోట నిజమైన లంకె కూడా పలచబడి కనిపిస్తుంది. ఆడవాళ్ళలో తేలి, మగవాళ్ళలో తేలకపోవడానికి జన్యువుతో పని లేని కారణం ఇది. అవునో కాదో ఎవరు జవాబు చెప్పారన్నది చూస్తే కొంత తెలుస్తుంది.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. కొన్ని ఇళ్ళలో మనిషి మనిషినీ అడిగే వీల్లేక వంటింటి మొత్తం తూచి, దాన్ని ‘కన్సంప్షన్ యూనిట్ల’తో పంచానని రాశారు. ఆ పట్టికలో కూర్చుని పనిచేసే మగవాడు 1, ఆడమనిషి 0.8. కుటుంబాల సగటు శక్తి అవసరం లెక్కేయడానికి పుట్టిన పట్టిక అది. దాంతో కోడలి అన్నం లెక్కేస్తే, ఆవిడ తిన్నది మీరు కొలవలేదు, ఆడమనిషి కాబట్టి ఇంత తిని ఉంటుందని మీరే వడ్డించారు. తర్వాత ఆ అంకెలో ఆడామగా తేడా వెతికితే దొరక్కేం, మీరు పెట్టిందే దొరుకుతుంది. ఇనుము సంగతి ఇంకా ఘోరం. జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాములు, ఆడమనిషికి 29. ఎక్కువ కావలసినావిడకి లెక్కలో తక్కువ వాటా, కంచంలో పులుసు. ఆ ఇళ్ళను ప్రధాన విశ్లేషణ నుంచి తీసేయండి. ఎన్ని పోతాయో నాకు తెలియదు గానీ, పోయినా పోనివ్వండి.

మీ అమ్మగారి పేజీ చదివి నేను కాసేపు కాగితం పక్కన పెట్టాను. మా ఇంట్లోనూ అంతే. కానీ ఆవిడ కంచం మీకు ప్రశ్నను ఇచ్చింది, జవాబును ఇవ్వలేదు. మీ ఏడు ఊళ్ళలో అందరిళ్ళలోనూ అలాగే జరుగుతోందని మీరు అనుకుని వెళ్తే అత్తగారి మాట మాత్రమే వినపడుతుంది. ఆమధ్య ఒకావిడ నాతో అన్నది, ‘నేనే ముందు తినేస్తానండీ, వీళ్ళొచ్చేసరికి ఏ రాత్రవుతుందో.’ చెరువుల మీద మగవాళ్ళున్న ఇళ్ళలో వరస తిరగబడిందేమో! మీ దగ్గర రాసుకున్న వేళలు ఉంటే చూడండి.

సరే, ఏం చేయగలరు? గైడ్ చెప్పినట్టు అందరినీ కలిపి అడ్జస్ట్ చేసి థీసిస్ ఇచ్చేయొచ్చు. డిగ్రీ వేళకి వస్తుంది, ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. దీన్ని పిరికితనం అనుకోకండి, ఒక్క షరతు పెట్టుకోండి: ప్రతి పట్టికలోనూ ఆడవాళ్ళ అంకెలు, మగవాళ్ళ అంకెలు విడివిడిగా అచ్చువేయాలి. 2016 నుంచి చాలా పత్రికలు పాటిస్తున్న మార్గదర్శకాలు అదే అడుగుతాయి కాబట్టి గైడ్ కాదనలేరు. మీ నాలుగు వందల మంది రేపు ఇంకెవరి నాలుగు వేలలోనో కలిసి మీ ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. నష్టం ఏమిటంటే ఆ ప్రశ్న మీరు అడిగినట్టు ఎక్కడా ఉండదు. వైవాలో ఎవరైనా అడిగితే గొంతులో వెలక్కాయ పడినట్టుంటుంది.

లేదూ, ఆడామగా తేడా పరీక్షను ఒక్క జన్యువుకి, ఒక్క కొలతకి పరిమితం చేసి పెట్టొచ్చు. డిపార్ట్‌మెంటు బయట ఒక గణాంకాల మనిషిని పట్టుకోండి. జవాబు ‘ఇంత నుంచి అంత దాకా ఎంతైనా కావొచ్చు’ అని, ఎటూ తేల్చలేనంత వెడల్పుగా రావడానికే అవకాశం ఎక్కువ, ముందే మనసు సిద్ధం చేసుకోండి. ఇంకొకటి, ఇది ముందే అనుకున్న పరీక్ష అని మాత్రం రాయకండి. మీరు తలుపు సందులోంచి ఒకసారి చూసేశారు. చూసేశామని రాస్తే పరువేం పోదు, దాచి తర్వాత బయటపడితే పోతుంది. గైడ్‌కి చెప్పకుండా చేసిన లెక్క కూడా ఈ సందర్భంలోనే ఒప్పేసుకోండి. కాస్త చిన్నబుచ్చుకుంటారు, పర్వాలేదు.

మగవాళ్ళ సంఖ్య పెంచడానికి మళ్ళీ ఊళ్ళలోకి దిగడం ఇంకో దారి. శాస్త్రానికి మంచిది, మీకు ఖరీదు. ఫెలోషిప్ పొడిగింపు వస్తుందో రాదో, పాపని ఎవరు చూస్తారో మీరే లెక్కేసుకోవాలి. రక్తం విషయంలోనూ చిక్కే. రాత్రి రెండింటికి చెరువు గట్టు మీద టీ, బిస్కెట్లు తిన్నవాడి పొద్దుటి రక్తం పరగడుపు రక్తం కాదు, తిన్నాక రక్తంలో పెరిగే ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఆ మేరకు మోసం చేస్తాయి. రాత్రి మేలుకునే ఒంటికి తిండి జీర్ణం చేసుకునే తీరే వేరు. వాళ్ళని తెచ్చి అరుగు మీది తాతల పక్కన ఒకే వరుసలో నిలబెట్టలేరు. సంఖ్య పెరుగుతుంది, కొత్త ముడీ పడుతుంది.

నా మనసు మొగ్గేది నాలుగో వైపు. జవాబు ఎవరు చెప్పారు, పక్కన ఎవరున్నారు, ముట్లు ఎలా ఆగాయి, మగవాళ్ళు ఎందుకు దొరకలేదు, వీటన్నిటితో ఒక పూర్తి అధ్యాయం రాయండి. జన్యువుల గురించి పెద్ద మాట ఏదీ చెప్పదు అది. కానీ గోదావరి పల్లెల్లో జన్యువుకీ తిండికీ లంకె వెతకబోయే తర్వాతివాళ్ళందరూ ముందు ఈ అధ్యాయం చదివి ఫారం రాసుకోవాల్సి వస్తుంది. పెద్ద పత్రికలు దీన్ని ఎగబడి వేసుకోవు, గైడ్‌గారు ‘ఇది ల్యాబ్ పనా’ అనొచ్చు, మీ బయోడేటాలో జన్యువుల పేపరంత మెరవదు. రెండో దారినీ దీన్నీ కలిపితే మూడు నెలల పని. మిగతా అయిదు నెలలు రాయడానికి.

గైడ్‌ని మార్చుకోవడం, పైకి ఫిర్యాదు చేయడం గురించి అడిగారు. పక్క బిల్డింగు మాట మీకు తగిలిందని తెలుసు, తగలాల్సిన మాటే. కానీ ఐదో ఏట గైడ్ మారితే సినాప్సిస్ మళ్ళీ మొదటికి రావొచ్చు, ఎనిమిది నెలలు కాగితాలకే పోతాయి. ఆయన మీ డేటా ఆపినా, మీ పేరు తీసేసినా అప్పుడు చెప్పండి, నేనూ మాట సాయం చేస్తాను. ఇప్పటికి ఆయన చేసింది మీతో విభేదించడం. అందులో సగం సబబే. డాక్టోరల్ కమిటీ ముందుకి వెళ్ళేటప్పుడు ‘సార్, మీరన్నట్టు శాంపిల్ చాలదు, అందుకే తేడా ఉందని చెప్పడం లేదు, తేడా అడిగే ముందు ఏమేం కొలవాలో చెబుతున్నాను’ అనండి. ఆయన చెప్పిన సబబైన మాట ఆయన పేరు మీదే పెడితే, మిగతా సగం దానంతటది లోపలికి వస్తుంది. నేను ముప్ఫయ్యేళ్ళు ఇలాగే నెట్టుకొచ్చాను. గర్వంగా చెప్పడం లేదు.

ఏ దారి ఎంచుకున్నా ఒక్క పని మటుకు ఈ నెలలోనే చేయండి. మీ ఎథిక్స్ కమిటీకి చిన్న సవరణ పెట్టి అనుమతి తెచ్చుకుని, ఆడవాళ్ళందరినీ మళ్ళీ ఒకసారి కలవండి. ప్రశ్న ఇలా అడగండి: ‘ముట్లు వస్తున్నాయా అమ్మా? ఆగిపోతే ఏ వయసులో? వాటంతటవే ఆగాయా, గర్భసంచి తీయిస్తే ఆగాయా?’ తీయించుకున్నవాళ్ళు ఆస్పత్రి కాగితం చూపిస్తామంటే చూడండి, అండాశయాలు ఉంచారో తీసేశారో వాళ్ళకే తెలియకపోవచ్చు, కాగితంలో ఉంటుంది. ఇంటి హాల్లో అడగొద్దు. మధ్యాహ్నం రెండు దాటాక, పెరట్లో గిన్నెలు తోముకునే వేళ వెళ్ళండి, అత్తగారు కునుకు తీస్తూ ఉంటారు. అదే వేళకి ఇంకో ప్రశ్న కూడా: ‘నిన్న మీరు తినేటప్పుడు గిన్నెలో ఏం మిగిలింది?’

సంక్రాంతి పది రోజులు మాత్రం వెళ్ళకండి. అరిసెల మధ్య ఎవరూ మామూలు తిండి తినరు, మగవాళ్ళు బరుల దగ్గర ఉంటారు, ఆడవాళ్ళకి మీతో మాట్లాడే తీరిక ఉండదు.